హారిసన్ కట్టిన మేడలు

మనుష్యులకు వలెనే మేడలకును ఆయుర్దాయము కలదు. కొన్ని తమ్ము కట్టినవాని కన్నులయెదుటనే నేలకూలును. మఱి కొన్ని కట్టినవాడు గతించిన పిదపను నిలిచి, అతడు కలలోనైనను తలపని పనికి ఉపయోగపడును. ఈ రెండు విధముల మేడలను నిర్మించిన యొక వాస్తుశిల్పి చరిత్రము ఇది. ఆయన పేరు వాలేస్ హారిసన్. న్యూయార్కు నగరములోని ఐక్యరాజ్యసమితి కార్యాలయ భవనమును మీరు చిత్రములలో చూచియే యుందురు. నదియొడ్డున అగ్గిపెట్టెను నిలువున నిలిపినట్లు పలుచగా, ఎత్తుగా కనబడు గాజుమేడ అది. దాని నిర్మాణమునకు నాయకత్వము వహించినవాడు హారిసన్.

ఆయన 1895వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలో మసాచుసెట్స్ రాష్ట్రమునకు చెందిన ఊస్టర్ పట్టణమున జన్మించెను. ఇంటి పరిస్థితులు అనుకూలింపకపోవుటచే పదునాలుగవ యేటనే బడి మానవలసి వచ్చెను. అనగా దాదాపు మీ యీడువాడు. ఊరిలో భవనములు కట్టించు కంట్రాక్టరు ఒకని కార్యాలయమున ఆఫీసుబోయ్‌గా చేరెను. అట్టి చోట పనిచేయు బాలునకు జీతము స్వల్పమే యైనను, చూచి నేర్చుకొనుటకు ఎన్నియో విషయములు దొరకును. కాగితముమీద అంగుళమంత గీసిన గీత కట్టడమువద్ద కొన్ని గజముల గోడగా లేచుట అక్కడ కన్నులార చూడవచ్చును. హారిసన్ మనస్సు ఆ గీతలమీదనే నిలిచెను. కొంతకాలమునకు ఆయన ఆ ఊరిలోనే వాస్తుశిల్పుల కార్యాలయ మొకదానిలో పటములు గీయు పనిలో చేరి, రాత్రివేళ ఊస్టర్ సాంకేతిక విద్యాలయమున తరగతులకు పోవుచుండెను. పగటి పనిలో చేయి తిరిగెను. రాత్రి చదువులో లెక్కలు పట్టుబడెను.

1916లో ఆయన న్యూయార్కు చేరి, మెకిమ్, మీడ్, వైట్ అను మువ్వురి పేర ప్రసిద్ధి కెక్కిన సంస్థలో ఉద్యోగము సంపాదించెను. గ్రీకు, రోమను కట్టడములను అనుసరించి స్తంభములతోడను, గుమ్మటములతోడను మేడలు కట్టుటలో ఆ సంస్థకు సాటి లేదు. ఇంతలో మొదటి ప్రపంచయుద్ధమున అమెరికా ప్రవేశింపగా, హారిసన్ నౌకాదళమున చేరి, జలాంతర్గాములను వేటాడు చిన్న ఓడలలో పనిచేసెను. యుద్ధానంతరమున పారిస్ నగరమునకు పోయి అచ్చటి ప్రఖ్యాత కళాశాలలో కొంతకాలము చదివెను. 1922లో రాచ్ విద్యార్థివేతనము లభింపగా విదేశములకు పోయి ప్రాచీన కట్టడములను పరిశీలించెను. ఉన్నత పాఠశాల చదువైనను పూర్తి కానివాడు ఈ విధముగా తన చదువును తానే కూర్చుకొనెను.

1926లో హారిసన్ ఎలెన్ మిల్టన్ అను కన్యను వివాహమాడెను. ఆమె సోదరుడు కోటీశ్వరులైన రాక్‌ఫెల్లర్ల యింటి అల్లుడు. తరువాతికాలమున హారిసన్‌కు గొప్ప పనులు దొరకుటకు ఈ బంధుత్వమే కారణమని పలికినవారు కలరు. అందులో కొంత నిజము లేకపోలేదు. అయితే బంధుత్వము ఒకసారి తలుపు తెరపించును గాని, ఏబది సంవత్సరములు లోపల నిలుపజాలదు. న్యూయార్కు నడిబొడ్డున రాక్‌ఫెల్లర్ సెంటరు అను పదునాలుగు భవనముల సముదాయమును 1931 మొదలు 1939 వఱకు కట్టిరి. దానిని రూపొందించిన శిల్పుల బృందములో హారిసన్ ఒకడు. అది ఆర్థిక మాంద్యము దేశమంతటను వ్యాపించి, వీథులు నిరుద్యోగులతో నిండియున్న కాలము. నగరములో తక్కిన కట్టడముల పని చాలవఱకు ఆగిపోగా, అచ్చట మాత్రము వేలకొలది పనివాండ్రకు కూలి దొరకెను. పలువురు శిల్పులు ఒక బల్లచుట్టు కూర్చుండి వాదించుకొని, తుదకు ఒక పటమునకు సమ్మతించుట హారిసన్ అక్కడనే నేర్చెను. ఈ విద్య ముందునకు ఆయనకు మిక్కిలి ఉపకరించినది.

1939లో న్యూయార్కున ప్రపంచ ప్రదర్శనము జరిగెను. దాని నడుమ హారిసన్, ఆయన భాగస్వామి ఫూయూ కలసి ఆకాశమునకు సూదివలె లేచిన గోపురమును, దాని ప్రక్కన 180 అడుగుల వ్యాసము గల తెల్లని గోళమును నిర్మించిరి. గోళము లోపల భవిష్యత్తులోని నగరపు నమూనా యుండెను. లక్షలకొలది జనులు దానిని చూచి మురిసిరి. రెండు వేసవులు గడచినవి, ప్రదర్శనము ముగిసెను. ఆ గోపురమును, గోళమును పడగొట్టి, వానిలోని ఉక్కును యుద్ధసామగ్రి కొఱకు తరలించిరి. భవిష్యత్తును చూపుటకై కట్టినది రెండేండ్లైనను పూర్తిగా నిలువలేదు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసినంతనే 1945లో ఐక్యరాజ్యసమితి ఏర్పడెను. కాని దానికి స్థిరమైన యిల్లు లేదు. ప్రతినిధులు అమెరికాలో ఊరూర స్థలము వెదకుచు, 1946 చివరకు ఫిలడెల్ఫియా నగరమువైపు మొగ్గుచుండిరి. న్యూయార్కులో ఈస్ట్ నది యొడ్డున పశువధశాలలుండిన స్థలము ఒకటి కలదు. జెకెండార్ఫ్ అను వ్యాపారి దానిని సేకరించి, అక్కడ మేడల పట్టణము కట్టదలచి, దానికి పటములు గీయుటకు హారిసన్‌నే నియమించియుండెను. డిసెంబరు నెలలో ఒక రాత్రి హారిసన్ ఆ స్థలపు పటమును తీసికొని, జెకెండార్ఫ్ విందారగించుచున్న చోటికే పోయి, 85 లక్షల డాలర్లకు దానిని ఇచ్చుటకు ఆయన అంగీకారమును పొంది వచ్చెను. జాన్ రాక్‌ఫెల్లర్ ఆ సొమ్మును సమితికి దానముగా నొసగెను. దుర్వాసనకు జనులు ముక్కు మూసికొని పోవు స్థలము ఈ విధముగా ప్రపంచదేశములకు కూడలి యయ్యెను.

1947లో సమితి ఆ నిర్మాణమునకు హారిసన్‌ను ముఖ్యునిగా నియమించి, పది దేశములనుండి పదిమంది శిల్పులను సలహాకు పిలిపించెను. అందులో ఫ్రాన్సునుండి వచ్చిన లె కోర్బూజియే ఒకరు. కొన్నియేండ్లకు మన దేశమునకు వచ్చి చండీగఢ్ నగరమును రూపొందించినవాడు ఈయనయే. బ్రెజిల్‌నుండి నీమేయర్ అను యువకుడు, చైనానుండి ల్యాంగ్ అను పండితుడు, రష్యా, స్వీడన్, ఇంగ్లండు, కెనడా మున్నగు దేశములనుండి తక్కినవారు వచ్చిరి. వారందఱు ఉద్దండులు, ఎవరి పటము వారికి ముద్దు. ఒకరి తరువాత నొకరు గీసిన పటములు వరుస సంఖ్యలతో గోడలకెక్కినవి. తుదకు కోర్బూజియే గీసిన 23వ పటమును, నీమేయర్ గీసిన 32వ పటమును కలిపి రూపము నిశ్చయించిరి. పొడవైన రెండు ప్రక్కలు గాజు, ఇరుకైన రెండు ప్రక్కలు చలువరాయి, ముప్పదితొమ్మిది అంతస్తులు. 1950లో ఉద్యోగులు ఆ మేడలో ప్రవేశించిరి. 1952 నాటికి సభామందిరములతో కూడ సముదాయమంతయు పూర్తియయ్యెను.

ఈ ఘనత తనది యని కోర్బూజియే తరువాత చాలకాలము వాదించుచుండెను. ఆ మేడలో ఆయన యూహ అధికముగా కలదనుట సత్యము. అయితే ఊహించువారు పదిమంది యున్నచోట, వారిని ఒక్క త్రాటిమీదికి తెచ్చి, చెప్పిన కాలమునకు కట్టి యప్పగించుట మఱియొక విద్య. ఆ విద్య హారిసన్‌ది. లోకము సాధారణముగా మొదటి విద్యను పొగడును.

ఇక పిట్స్‌బర్గ్ నగరపు మేడ కథ చెప్పవలసియున్నది. నా దృష్టిలో హారిసన్ జీవితమున ఇదియే మిక్కిలి ఆసక్తికరమైనది.

పిట్స్‌బర్గ్ ఉక్కు కర్మాగారములకు పేరు. ఆ కొలిమిళ్ళనుండియు, ఇండ్లలోని బొగ్గు పొయ్యిలనుండియు వెలువడు పొగచే ఒక్కొక్కనాడు పట్టపగలే వీథిదీపములు వెలిగింపవలసి వచ్చెడిది. తెల్లచొక్కాతో కార్యాలయమునకు పోయినవాడు మధ్యాహ్నమునకు ఇంకొక చొక్కా మార్చుకొనవలసి యుండెను. యుద్ధానంతరమున నగరపాలకులు పొగను అరికట్టు శాసనమును గట్టిగా అమలు జరిపి, నగరమధ్యమును క్రొత్తగా కట్టుటకు పూనుకొనిరి. అమెరికా అల్యూమినియం కంపెనీ పుట్టినది ఆ నగరముననే. చార్లెస్ హాల్ అను యువకుడు 1886లో విద్యుచ్ఛక్తితో అల్యూమినియమును చౌకగా తీయు విధానమును కనిపెట్టగా, రెండేండ్లకు ఆ కంపెనీ వెలసెను. అంతకుముందు విలువగల లోహములతో సమానముగా నుండిన అల్యూమినియము, క్రమముగా పేదవాని వంటింటికి వచ్చెను. మన యిండ్లలో సత్తు గిన్నెలని పిలుచునవి అల్యూమినియపు గిన్నెలే. ఒకప్పుడు మన దేశమున చెలామణి యైన చిన్న పైసలు కూడ ఆ లోహముతో చేసినవే.

ఆ కంపెనీవారు తమకు క్రొత్త కార్యాలయము కావలెననియు, దానిలో సాధ్యమైన ప్రతిచోటను తమ లోహమునే వాడవలెననియు హారిసన్‌ను, ఆయన భాగస్వామి మాక్స్ అబ్రమోవిట్జ్‌ను కోరిరి. గిన్నెలు, విమానములు చేయు లోహముతో ముప్పది అంతస్తుల మేడ కట్టుట ఎట్లు? ఇటుకవలె దానిని పేర్చరాదు. పలుచని రేకుగా నుంచినచో గాలికి అల్లలాడును.

ఒక కాగితమును చేతితో ఒక అంచున పట్టుకొని చూడుడు. అది వంగి వ్రేలాడును. దానినే మడతలు పెట్టి పట్టుకొనుడు, నిటారుగ నిలుచును. మన గోదాములపై వేయు ముడుతల రేకులు గట్టిగా నుండుట ఈ కారణముననే. హారిసన్ బృందము ఈ సూత్రమునే అనుసరించెను. ఆఱు అడుగుల వెడల్పు, పండ్రెండు అడుగుల ఎత్తు గల రేకులను యంత్రములచే అదిమించి, వానిపై పలకలుదేరిన మడతలు వచ్చునట్లు చేయించిరి. రేకు మందము అంగుళములో ఎనిమిదవ వంతు మాత్రమే. మేడ వెలుపల సారువలు కట్టి, ప్రాణములకు తెగించి పనివాండ్రు ఎక్కనవసరము లేకపోయెను. వారు అంతస్తులోపల నిలిచియే ఒక్కొక్క రేకును ఉక్కు చట్రమునకు బిగించిరి. రేకుల వెనుక తేలికయైన కాంక్రీటు పూత పూసిరి. పైతొడుగు తేలికయగుటచే, దానిని మోయు ఉక్కు చట్రమును కూడ తేలికగా కట్టగలిగిరి.

కిటికీల కథ ఇంకను వింతయైనది. ఎత్తైన మేడలలో కిటికీ అద్దములను వెలుపలివైపు తుడుచుట అపాయకరమైన పని. ఇచ్చట ప్రతి కిటికీయు ఇరుసుపై తిరిగి, వెలుపలి ముఖము లోపలికి వచ్చును. గదిలో నిలిచియే దానిని తుడువవచ్చును. వానగాలి చొరకుండ కిటికీ చుట్టును రబ్బరు గొట్టమును అమర్చి, సైకిలు ట్యూబులో వలె దానిలో గాలి నింపిరి. అట్టి గొట్టమునకు పదునైన మూల పనికిరాదు. అందుచేత కిటికీల మూలలను గుండ్రముగా చేసిరి. దూరమునుండి చూచువారికి అవి ఆనాటి టెలివిజను పెట్టెలను వరుసగా పేర్చినట్లు కనబడును. లోపల నీటిగొట్టములు, విద్యుత్తు తీగలు సైతము అల్యూమినియపువే. చలికాలమున వేడియు, వేసవిలో చల్లదనమును పైకప్పునుండియే గదిలోనికి దిగునట్లు ఏర్పాటు చేసిరి. 1953లో ఆ మేడ పూర్తియయ్యెను. ఎత్తు 410 అడుగులు. ఆ తరువాత ప్రపంచమున లోహపు తొడుగు గల మేడలు వేలకొలది వెలసినవి. ఇది వానికి పెద్దన్న వంటిది.

తరువాత హారిసన్ చేసిన పనులను ముచ్చటగా చెప్పి ముగింతును. 1958లో స్టాంఫర్డ్ పట్టణమున ఆయన కట్టిన క్రైస్తవ దేవాలయము ప్రక్కనుండి చూచిన చేపవలె నుండును. దాని గోడలు వేలకొలది రంగుగాజు ముక్కలతో కూర్చినవగుటచే, లోపల నిలుచున్నవారిపై ఎండ రంగురంగులుగా పడును. 1966లో న్యూయార్కున గొప్ప సంగీతనాటకశాలను నిర్మించెను. దాని పటములను ఎన్నిసార్లు మార్చి గీసెనో లెక్కలేదు. ఖర్చు తగ్గింపుమని యజమానులు, తగ్గింపరాదని కళాకారులు ఆయనను నలిపివేసిరి. 1967లో అమెరికా వాస్తుశిల్పుల సంస్థ తన స్వర్ణపతకముతో ఆయనను గౌరవించెను.

ఆయన కడపటి పెద్ద పని న్యూయార్కు రాష్ట్రపు ముఖ్యపట్టణమైన ఆల్బనీలో జరిగెను. ఆయన చిరకాల మిత్రుడగు నెల్సన్ రాక్‌ఫెల్లర్ అప్పుడు ఆ రాష్ట్రపు గవర్నరు. రాష్ట్రప్రభుత్వ కార్యాలయములకై చలువరాతి మేడల పంక్తి కావలెనని ఆయన సంకల్పించెను. దానికై 1962లో నగరమధ్యమున 98 యెకరముల నేలను ప్రభుత్వము స్వాధీనపరచుకొనెను. అది బీడు కాదు. అచ్చట ఇండ్లు, అంగళ్ళు, ప్రార్థనామందిరములు ఉండెను. వేలకొలది జనులు మూటాముల్లె సర్దుకొని తరలిపోవలసి వచ్చెను. వారిలో పెక్కురు బీదవారు, తరతరములుగా ఇరుగుపొరుగుగా నున్నవారు. మొదట అంచనా వేసిన సొమ్ముకు పలురెట్లు ఖర్చై, 1970ల చివరినాటికి గాని పని ముగియలేదు. మేడలు గంభీరముగా నున్నవనుటలో సందేహము లేదు. అయినను సాయంకాలము ఉద్యోగులు వెడలిపోయిన పిదప అక్కడ రాళ్ళు తప్ప మఱియేమియు మిగులదని విమర్శకులు నిందించిరి. ఆ నింద హారిసన్ వార్ధక్యమున ఆయనను బాధింపక మానదు. ఇండ్లు కూల్చుటకు నిశ్చయించినది గవర్నరే యైనను, పటము గీసినవాడు తన చేతికి సంబంధము లేదనజాలడు గదా.

1981వ సంవత్సరము డిసెంబరు 2వ తేదీన ఎనుబదియాఱవ యేట హారిసన్ న్యూయార్కున మరణించెను.

ఆయన పోయిన పదునేడేండ్లకు, అనగా 1998లో, అల్యూమినియం కంపెనీ పిట్స్‌బర్గ్‌లోనే నది యావలి యొడ్డున ఆఱంతస్తుల క్రొత్త కార్యాలయమును కట్టుకొనెను. కాలము మారినది, ఉద్యోగులు అంతస్తులవారీగా చిన్నచిన్న గదులలో కూర్చుండు పద్ధతి పోయి, విశాలమైన ఒకే ఆవరణమున కలసి పనిచేయు పద్ధతి వచ్చినది. పాత మేడను కంపెనీ ప్రజోపయోగ కార్యములకై దానము చేసెను. కొంతకాలము సేవాసంస్థలు, ప్రాంతీయ కార్యాలయములు అందులో నుండెను. కాని ముప్పది అంతస్తులను నింపి, వాని ఖర్చు భరించుట సులభము కాదు. మేడ అమ్మకమునకు వచ్చినది. ప్రదర్శనపు గోళమునకు పట్టిన గతియే దీనికిని పట్టునా యని తోచు సమయమది.

కొన్నవారు దానిని పడగొట్టలేదు; కార్యాలయములను తీసివేసి, 2010ల నడిమికాలమున కుటుంబములు కాపురముండు అపార్టుమెంట్లుగా మార్చిరి. ఇది చెప్పినంత తేలిక పని కాదు. కార్యాలయములో అంతస్తు కంతటికి నడుమ ఒకచోట నీటిగొట్టములుండిన చాలును. కాపురమునకో, ప్రతి భాగమునకును వేఱువేఱుగా వంటగది కావలెను, స్నానపుగది కావలెను, మురుగునీటి గొట్టము కావలెను. అంతకంటె పెద్ద చిక్కు వెలుతురు. ఇటీవలి కార్యాలయ భవనములలో అంతస్తులు మిక్కిలి వెడల్పుగా నుండి, నడిమి భాగమునకు పగటి వెలుతురు అందదు. కిటికీ లేని గదిలో ఉద్యోగి దీపము పెట్టుకొని పనిచేయగలడు గాని, పసిబిడ్డను పెంచుట కష్టము. ఆనాటి మేడలు అంత వెడల్పైనవి కావు; హారిసన్ మేడలో కిటికీలు దండిగా నున్నవి. పైగా అద్దములు బిగించి మూసివేసిన నేటి మేడలవలె గాక, దాని కిటికీలు తెరచుటకు వీలుగా నిర్మింపబడినవి. తుడుచువారి శ్రమ తప్పించుటకై చేసిన ఏర్పాటు, ఇల్లు కోరువారికి గాలి వెలుతురుల యేర్పాటుగా అక్కఱకు వచ్చెను.

వెలుపలి అల్యూమినియపు తొడుగు అట్లే యున్నది. డెబ్బదియేండ్ల వానలకు, మంచులకు ఉక్కు ఐనచో త్రుప్పు పట్టియుండును. అమెరికాలో చారిత్రక భవనముల రూపు చెడకుండ బాగుచేసి వినియోగించువారికి పన్నులలో రాయితీ కలదు. అందుచే ఇట్టి మార్పులు పలు నగరములలో సాగుచున్నవి. 2020లో మహమ్మారి వ్యాపించి ఉద్యోగులు ఇండ్లనుండియే పనిచేయుట అలవడగా, అచ్చటి నగరమధ్యములలో కార్యాలయ భవనములు మఱింత ఖాళీపడినవి. వానిని ఇండ్లుగా మార్చు ప్రయత్నములు హెచ్చినవి.

ఆల్బనీలో ఆయన గీసిన పటమున కార్యాలయములకై ఇండ్లు పోయినవి. పిట్స్‌బర్గ్‌లో ఆయన కట్టిన కార్యాలయము, ఆయన ప్రయత్నము లేకయే, ఇండ్లయినది. ఒకనాడు సాయంకాలము కాగానే గుమాస్తాలు దీపములార్పి వెడలిపోయిన గదులలో, ఇప్పుడు ఆ వేళకే దీపములు వెలుగును, పొయ్యిమీద కూర ఉడుకును.